లాకుల వంతెన మీద ఇద్దరి సాక్ష్యం

"ఎంతమంది ఔనంటే ఒక మాట నిజమవుతుంది, గురువుగారూ?" అని ఇందుమతి ఒకరోజు పాఠం మధ్యలో అడిగింది.

వరదాచారిగారి దగ్గర తర్కం చదువుకునే ఐదుగురిలో ఆవిడ ఒకర్తి, నేనొకర్తిని. ఇందుమతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చిన మనిషి. మా ఊరివాళ్ళంతా వాడే యాప్‌లో ఎవరైనా ఏదైనా కబురు పెడితే, అది నిజమో అబద్ధమో చదివినవాళ్ళే తేల్చే ఏర్పాటొకటి తయారుచేస్తోంది. యాభైమంది ‘నిజం’ నొక్కితే చాలని మొదట పెట్టింది. పుకార్ల రాయుళ్ళు యాభైమందిని పోగుచేశారు. రెండొందలకు పెంచింది. వాళ్ళూ రెండొందలమందిని తెచ్చారు. ఆవిడ ముఖం చూస్తే జాలేసేది. గురువుగారేమో అడిగిన వెంటనే బదులిచ్చే రకం కాదు. "చూద్దాంలే అమ్మా" అని పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ వారమే కాలువ పొంగింది. ‘లాకుల వంతెన కూలిపోయింది, ఎవరూ అటు వెళ్ళొద్దు’ అని ఎవరో యాప్‌లో పెట్టారు. మధ్యాహ్నానికల్లా మూడొందల పన్నెండుమంది ‘నిజం’ నొక్కేశారు. సరిగ్గా అప్పుడే గురువుగారి పక్కింటి మంగతాయారుకు నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. ఆసుపత్రి కాలువకు అవతల ఉంది, చుట్టుదారి నీళ్ళలో మునిగింది. అత్తగారు పోలమ్మ గురువుగారి అరుగు మీద కూలబడి ఏడుస్తోంది.

"ఆ మూడొందలమందిలో వంతెన దాకా వెళ్ళి చూసిందెవరు?" అన్నారు గురువుగారు.

ఇందుమతి ఫోన్‌లో ఆ పేర్ల జాబితా పైనుంచి కిందికి జరిపింది. చూడకుండా నొక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను మరి.

కాలువకు ఇవతల బస్టాండు ఆటోలు, అవతల రేవు ఆటోలు. గిరాకీ దగ్గర తగాదా వచ్చి పదేళ్ళుగా వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. గురువుగారు ఒక్కో స్టాండు నుంచీ ఒకరికి ఫోన్ చెయ్యమని ఇందుమతికి చెప్పారు.

బస్టాండు తాతాజీ, "వంతెనకేం కాలేదండి! మా గిరాకీ పోగొట్టడానికి రేవోళ్ళు పుట్టించిన మాటండి" అన్నాడు. రేవు సత్తిబాబు, "వంతెన పనైపోయిందండి! జనం ఏమైపోతే బస్టాండోళ్ళకేంటండి?" అన్నాడు.

"వంతెన ఎలా ఉందని అడగకు," అన్నారు గురువుగారు. "పొద్దున్నుంచి కళ్ళతో ఏం చూశారో అడుగు. ఒకరన్నది రెండోవారి చెవిన వెయ్యకు."

ఇందుమతి మళ్ళీ అడిగింది. తూర్పు రెయిలింగు కొట్టుకుపోయిందనీ, అందుకే తన బండి ఎక్కించలేదనీ తాతాజీ నసుగుతూ ఒప్పుకున్నాడు. పాలవాళ్ళు క్యాన్లతో పడమటి అంచున నడిచి దాటడం చూశానని సత్తిబాబు ఇష్టంలేకుండానే చెప్పాడు. మేం చెప్పకుండానే రెయిలింగు పోయిన సంగతి సత్తిబాబూ చెప్పాడు, పాలవాళ్ళు దాటిన సంగతి తాతాజీ కూడా చెప్పాడు.

ఇందుమతి కాగితం మీద రాసింది: ‘తూర్పు రెయిలింగు పోయింది. బండి వద్దు. పడమటి అంచున నడిచి దాటవచ్చు.’

గురువుగారు చదివి, "అయితే ముందు నువ్వు నడువు" అన్నారు.

తాతాజీ మమ్మల్ని ఇవతలి ఒడ్డు దాకా తెచ్చాడు. ఇందుమతి ముందు నడిచింది. వెనక నేనూ పోలమ్మా మంగతాయారుని చెరోపక్కా పట్టుకున్నాం. ఇందుమతి ఒక్కసారి కూడా ఆగలేదు. అవతల సత్తిబాబు బండి స్టార్టు చేసి ఉంచాడు. గంట తిరక్కుండానే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని విని, పోలమ్మ ఇందుమతిని పట్టుకుని మళ్ళీ ఏడ్చింది.

కాగితం మీది మాటల్నే ఇందుమతి ఆ కబురు కింద పెట్టింది. మొట్టమొదట ‘నిజం’ నొక్కినవాళ్ళు తాతాజీ, సత్తిబాబు. ఆ తరవాత ఆవిడ తన ఏర్పాటంతా విప్పి కొత్తగా కట్టడం మొదలుపెట్టింది. ఈసారి అంకెల జోలికి పోలేదు; ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు ఒకే మాట అన్నారా అన్నదే చూసింది.

వారం పోయాక ఉత్సాహంగా వచ్చి, "గురువుగారూ, ఎలాగూ ఒక్కమాట మీదికి వచ్చారు కదా, తాతాజీనీ సత్తిబాబునీ కూర్చోబెట్టి రాజీ చేసేద్దామండీ" అంది.

గురువుగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"తొందరపడకమ్మా. వాళ్ళు కలిసిపోతే, రేపు ఎవర్ని అడుగుతావు?"