పేర్లు రాసిన గదులు

దివాణం అధికారి భూపతిరాజు సత్రంలో ప్రతి తలుపు మీదా మొదట దిగిన బాటసారి పేరు రాయించాడు. ఆ బాటసారి వెళ్ళిపోయినా ఆ గది ఇంకొకరికి ఇవ్వకూడదన్నాడు.

ఒక సాయంత్రం జోరువానలో, జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. సత్రం చూసుకునే పైడమ్మ ఖాళీ గది తెరిచి ఇచ్చింది. అంతలో తడుస్తూ తనిఖీకి వచ్చిన భూపతిరాజు మండిపడ్డాడు.

"ఆ తలుపు మీద ఉన్నది ఈవిడ పేరా? బయటికి పంపు! లేదా నీ కొలువు పోయినట్టే."

"అలాగే బాబూ. మరి తమరి పేరు ఏ తలుపు మీద ఉంది?"

భూపతిరాజు వానవైపు చూశాడు. గొంతు తగ్గింది. "ఏం చేద్దామంటావు?"

"పేర్లు చెరిపేద్దాం. వచ్చినవాళ్ళకి ఖాళీ గది ఇస్తాను, వెళ్ళేటప్పుడు తాళంచెవి తీసుకుంటాను."

ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

తాళంచెవి ఇస్తూ పైడమ్మ అంది: "పొద్దున్న మరిచిపోకుండా తిరిగి ఇచ్చేయండి బాబూ."