నూకాలు పీట

పోర్ట్‌బ్లెయిర్ భూకంప కేంద్రంలో హైమవతి గారు ప్రశ్నలకు బోర్డు మీద జవాబు చెప్పరు. చెప్పులేసుకుంటారు. ఆమె దగ్గర పరిశోధన చేసినవాళ్లకు పాఠం ఎంత వచ్చినా రాకపోయినా, నడక మాత్రం బాగా వస్తుంది.

ఆ ఉదయం శిష్యురాలు మృదుల అడిగింది. "మేడం, సముద్రం అడుగు పలక ఏటా రెండు వేళ్ల వెడల్పున మన నేల కిందికి దూరుతోంది. పోతూ పోతూ పై పలక అంచును పట్టుకుని, తనతో పాటు కిందికి వంచుతోంది. వందేళ్లు చప్పుడుండదు. ఏదో ఒక్క రోజునే ఆ అంచు ఎందుకు ఎగిసిపడుతుంది? ఆ రోజు కొత్తగా ఏం జరుగుతుంది?"

"చేపలు కొనాలి, పద" అన్నారావిడ.

జెట్టీ బజారులో సిక్కోలు నుంచి వచ్చిన ఆడవాళ్లు వరసగా పీటలేసుకుని చేపలమ్ముతారు. చివరి పీట నూకాలుది. ఆమెకు ఎదురుగా పైడిరాజు ఐసు పెట్టె. ఆరేళ్లుగా అది నెలకో అంగుళం ఆమె వైపు జరుగుతోంది. జరిగినప్పుడల్లా నూకాలు పీట వెనక్కి జరుగుతోంది. ఆ వేళ పైడిరాజు మళ్లీ నెట్టాడు. ఆమె వెనక ఇక మురికి కాలువే. కాలువ మీద కూర్చున్నదాని దగ్గర చేప కొనేదెవరు?

నూకాలు గంప దించి, కొంగు బిగించి, పెట్టెకు భుజం ఆనించింది. పక్క పీటల వాళ్లూ లేచారు. పెట్టె కీచుమంటూ వెనక్కి పోయి, సిమెంటు మీద ఆరేళ్ల కిందటి దాని కాళ్ల తుప్పు మరకల దగ్గర ఆగింది. ఐసు బజారంతా చెల్లాచెదురైంది.

"ఏటే నూకాలూ! ఇన్నాళ్లూ నోరు మెదపనేదు. ఇయ్యాల కొత్తగా ఏటొచ్చింది నీకు?" పైడిరాజు అరిచాడు.

"కొత్తగా ఏటీ రానేదు బాబూ. ఎనక్కి జరగడానికి చోటు నేదు, అంతే."

ఆమె పీట తెచ్చి తన పాత చోట వేసుకుని, ఈగలు తోలుకుంటూ కూర్చుంది. పైడిరాజు మాత్రం ఇంకా అరుస్తూనే ఉన్నాడు, బజారు తలకిందులైపోయిందని.

"అమ్మో, ఎంత కోపం!" అంది మృదుల.

హైమవతి గారు బేరమాడకుండా నూకాలు దగ్గర రెండు వంజరాలు తీసుకున్నారు.

"కోపమెక్కడమ్మా? తన చోటికి తాను వచ్చింది. భూకంపమనే పేరు, పైన కూర్చున్నవాళ్లు పెట్టింది."