తాబేలు తీసిన తోట వీడియో

ఒరేయ్, మన కొట్టం బడి గుర్తుందా? గడ్డిమోపుకి ఆనించిన ఒకే ఒక్క ట్యాబ్, దాని చుట్టూ ఒకడి తోక ఒకడు తొక్కుకుంటూ మనం. ఇప్పుడు ఎవడి ఫోన్ వాడిదే గానీ ఆ మజా ఏదిరా! ఈ మేకపిల్లకి ఇప్పటికీ ట్యాబ్ అంటే ఎండుగడ్డి వాసనే.

మన ఎద్దు సార్ పాఠం తక్కువ, పని ఎక్కువ. "మీకు తోట ఎలా కనిపిస్తుందో వీడియో తీయండ్రా. బాగా తీసినోడికి సెలవుల్లో ట్యాబ్ ఇంటికి" అన్నాడు.

తాబేలు సూరిగాడి మొహం వెలిగిపోయింది. "మా నాయనమ్మ ముసలిదైపోయి ఇప్పుడు మడుగు దాటి రాలేకపోతోంది సార్. ఆమెకి తోట చూపిస్తా!"

"నువ్వు తోట చుట్టొచ్చేసరికి సెలవులే అయిపోతాయిలే" అని నక్క జంబుగాడు ఇకిలించాడు.

అందరి వీడియోలూ ఆ ట్యాబ్‌లోనే కదా. జంబుగాడు ఏమీ తీయలేదు. సూరిగాడి వీడియోకి తన పేరు తగిలించి, పైన డప్పు మోత పెట్టేశాడు.

చూపించే రోజు అబ్బబ్బ! గడ్డిపోచలు తాటిచెట్లంత! కోడిపెట్ట పక్కనుంచి పోతున్నా కెమెరా మాత్రం చీమ వెనకాలే. మనమంతా ఒకటే ఈలలు.

"అది నాది సార్..." అంటూ సూరిగాడు డిప్పలోంచి మెడ చాచాడు.

"పోరా, డిప్పలో నిద్రపోయేవాడికి ఇంత బుర్రా?" అన్నాడు జంబుగాడు.

సార్ తాపీగా నెమరేస్తూ, "గొడవెందుకురా? జంబూ, ఇంకోటి తీయి. మన కొట్టం గుమ్మం" అన్నాడు.

"చిటికెలో సార్!"

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, తాబేలులా పేడలో బోర్లా పడుకుని మరీ తీశాడు. వేసి చూస్తే గుమ్మం లేదు, గడ్డి లేదు. మొత్తం కోడిపెట్ట కాళ్లే!

"ఇదిరా నీ చూపు, ఇదీ బాగుంది" అన్నాడు సార్. "మరి ఆ తోట వీడియోలో కోడిని వదిలేసి చీమని ఎందుకు చూశావురా?"

జంబుగాడు తోక మడిచి వెనక వరసలోకి పోయాడు, ఒళ్లంతా పేడే.

ట్యాబ్ సూరిగాడితో మడుగుకి పోయింది. నాయనమ్మ కళ్లు చికిలించి చూసి, "గడ్డి ఇంకా అంతే ఎత్తుందిరా, నా చిన్నప్పట్లాగే" అందంట.

వీడియో కొట్టేయొచ్చు గానీ, చూపు కొట్టేయలేంరా.