వరాలు ముంగిస వాన గంట

అనగనగా ఒక అడవిలో, కంప్యూటరు ముందు కూర్చుంటే లోకాన్నే మరిచిపోయే ఒక ముంగిస ఉండేది. పేరు వరాలు. అడవికి కావలసిన ప్రోగ్రాములన్నీ ఆవిడే రాసేది.

ఆ ఏడు వానలు ముందే ముంచుకొస్తున్నాయి. వాగు ఒడ్డున బొరియల్లో ముళ్ళపంది, చుంచెలుక, కుందేలు కాంతమ్మ, దాని పసిపిల్లలు ఉంటున్నారు. వాగు పొంగితే ఇంకేమైనా ఉందా! నీళ్ళు పెరగగానే బొరియల్లో గంట మోగించే ప్రోగ్రాము కావాలి. అది రాయడానికే నెల పడుతుంది. వాన చూస్తే రేపో మాపో అన్నట్టుంది.

వరాలు కొత్తగా వచ్చిన ఏఐని పిలిచింది. "తమ్ముడూ, పసిపిల్లల ప్రాణాలతో పని. ఒక చెయ్యి వెయ్యరా!"

"దాందేముందక్కా!" అంది ఏఐ. మధ్యాహ్నానికల్లా రాసేసింది. తప్పులు వెతికి దిద్దింది కూడా. "అంతా సరిగ్గా ఉంది. ఇక హాయిగా పడుకో" అంది.

వరాలుకు కళ్ళు చెమర్చాయి. ఎన్ని వానాకాలాలు తిండీ నిద్రా మాని రాసిందో పాపం! పడుకుందామనే అనుకుంది. కానీ మనసొప్పలేదు. "ఇంత తీరిక దొరికిందిగా, వాళ్ళ ఇళ్ళలోనే మోగించి చూద్దాం" అని బయల్దేరింది.

ముళ్ళపంది ఇంట్లో గంట మోగింది. ముళ్ళపంది బయటికి పరుగెత్తింది. చుంచెలుక ఇంట్లో మోగింది. చుంచెలుకా అంతే. కాంతమ్మ ఇంట్లో మోగింది. ఏం జరిగిందనుకున్నారు? పిల్లలంతా గిరుక్కున తిరిగి బొరియ అడుక్కి దూరారు!

"అయ్యయ్యో! బయటికి రావాలర్రా!" అని వరాలు గోల పెట్టింది.

"ఎలా వస్తారు వదినా? పెద్ద చప్పుడైతే లోపలికి దూరమని నేనే నేర్పాను. నా గొంతు వింటేనే వస్తారు" అంది కాంతమ్మ.

"ఎంత పని జరిగేది!" అంది వరాలు. గంట చక్కగా మోగేది, పిల్లలు నిలువునా మునిగేవాళ్ళు! వెంటనే కాంతమ్మ పిలుపును రికార్డు చేసుకుని పరుగున ఇంటికి వెళ్ళింది.

"ఈ సంగతి నాకు తట్టనే లేదక్కా" అంది ఏఐ. ఆ ఇంటికి గంట తీసేసి, చిటికెలో అమ్మ పిలుపు పెట్టేసింది.

మర్నాడే వాగు పొంగింది. కాంతమ్మ మేతకు వెళ్ళి ఉంది. బొరియలో "రండ్రా, రండ్రా!" అని అమ్మ గొంతు వినిపించింది. పిల్లలు ఒక్క గెంతులో బయటపడ్డారు.

కాంతమ్మ రొప్పుకుంటూ వచ్చి, పిల్లల్ని చూసుకుని, వరాలును పట్టుకుని ఏడ్చేసింది. "నీ మేలు ఎలా మరిచిపోను వదినా!"

"నాదేముంది వదినా? నువ్వు చెప్పబట్టి తెలిసింది. తమ్ముడు ఒక్క పూటలో రాసిపెట్టబట్టి నీ గుమ్మం తొక్కాను. లేకపోతే నేనింకా ఆ గంటే రాస్తూ కూర్చునేదాన్ని" అంది వరాలు.

నీతి: పనిముట్టు మిగిల్చిన తీరికను, ఆ పని ఎవరి కోసమో వాళ్ళ మాట వినడానికి వాడాలి.