గరిటెమూతి బాతుల వేషం

ఒకానొక చిన్న రాజ్యాన్ని చండకీర్తి అనే రాజు ఏలేవాడు. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. కాదనేవాడు సభలో ఉన్నా నోరు విప్పేవాడు కాదు.

ఆ రాజ్యంలోని పెద్ద సరస్సుకు చలికాలంలో వలస బాతులు వచ్చేవి. కిందటి మాఘంలో రాజు చూసినప్పుడు పచ్చటి తలలు, తెల్లటి రొమ్ములతో మెరిసిపోయాయి. ఆ ముచ్చట తీరక ఈసారి కార్తీకంలోనే వచ్చాడు. చూస్తే నీళ్ళనిండా మట్టిరంగు బాతులే.

"నా బాతులేవిరా?" అని సరస్సు కాపలాదారు కోనప్పను గద్దించాడు.

"ఇవే ప్రభూ. ఈ రోజుల్లో పోతులకు కూడా పెట్టల ఈకలే ఉంటాయి. మాఘానికి రంగు తిరుగుతాయి."

"నాకే పాఠాలా? వాటిని అమ్ముకుని ఈ నాటు బాతుల్ని వదిలావు. రేపు పొద్దున్నకల్లా నా బాతుల్ని చూపించు. లేదా ఊరు విడిచి పో."

తాతల నాటినుంచీ ఆ నీళ్ళే కోనప్పవాళ్ళ బతుకు. అయినా ఉన్నమాట లేదనడానికి అతనికి మనసొప్పలేదు.

మర్నాడు ఓ బాతును బుట్టలో పెట్టుకుని కోటకు వెళ్ళాడు. రాజు పెరట్లో పీటమీద గోచీతో, ఒళ్ళంతా నూనె, నలుగుపిండితో కూర్చుని ఉన్నాడు. కోనప్ప ఆయన్ని ఎగాదిగా చూసి భటులవైపు తిరిగాడు.

"మా రాజుగారేరయ్యా? పట్టుబట్టలతో, కిరీటంతో ఉంటారాయన. ఆయన్నేం చేసి ఇతన్ని కూర్చోబెట్టారు?"

భటులు రాజువైపు చూశారు.

"నేనేరా రాజుని" అన్నాడు చండకీర్తి.

"కిరీటం లేదే?"

"తలంటుకి కిరీటం పెట్టుకుంటారట్రా? నా ముక్కు చూడు, మీసం చూడు. ఆమాత్రం పోల్చుకోలేవూ?"

"చిత్తం. నిన్న నేను మనవి చేసిందీ అదే" అంటూ కోనప్ప బుట్ట మూత తీశాడు. "ఈకల మాట వదిలేసి మూతి చూడండి ప్రభూ. గరిటెలా వెడల్పు. దీంతో నీళ్ళు జల్లెడ పట్టి పురుగుల్ని తింటుంది. ఇక రెక్క విప్పితే భుజం దగ్గర లేతనీలం. మాఘంలో తమరు చూసిన పోతు ఇదే."

రాజు తనే రెక్క విప్పాడు. నీలం కనబడింది. ఒంటిమీది పిండి రాలిపడేలా నవ్వాడు.

సరస్సు కాపలా తరతరాలకూ కోనప్ప వంశానిదేనని అక్కడికక్కడే మాట ఇచ్చాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"మాఘంలో మళ్ళీ రండి ప్రభూ. అప్పటికి అవీ నగలు పెట్టుకుంటాయి. తమరు కిరీటం పెట్టుకొస్తే ఒకరినొకరు ఇట్టే గుర్తుపడతారు."