గవరమ్మ దొంగ గోతులు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో గవరమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. దాచడంలో దానికి సాటి లేరు. సారపప్పు గింజలు ఏరి, నేలలో పాతి, పైన ఆకులు కప్పేది. ఎవరైనా చూస్తుంటే మాత్రం ఉత్త గొయ్యి తవ్వి, ఏదో పెట్టినట్టు నటించి పూడ్చేది. ఉడుతలకు అది దొంగలను ఏమార్చడానికి అబ్బిన విద్య. మన గవరమ్మ మాత్రం కన్నకూతురు నూకాలు ముందు కూడా అదే విద్య చూపించేది.

పక్కనుండే తాబేలు చెప్పింది. "గవరక్కా, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. అసలు చోట్లు కూతురికి చెప్పెయ్యి."

"నాకేమైంది? ఇంకా కొమ్మకొమ్మకూ దూకుతున్నాను" అంది గవరమ్మ.

వానలు వెళ్లాక తాబేలు మళ్లీ అడిగింది.

"చలి పోనీ, చూద్దాం" అంది గవరమ్మ.

చలి కూడా పోయింది. మూడోసారి అడిగితే గవరమ్మ గొంతు తగ్గించింది. "చెప్పేశాక నన్నెవరు చూస్తారే? ఆ చోట్లు నా కడుపులో ఉన్నన్నాళ్లే నాకు మర్యాద."

"నూకాలు అలాంటిది కాదక్కా" అంది తాబేలు. గవరమ్మ వినిపించుకోలేదు.

ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు కరువొచ్చి ఏ చెట్టునా కాయ లేదు. అప్పుడే గవరమ్మకు పక్షవాతం కొట్టింది. కాళ్లు చచ్చుబడ్డాయి, మాట పడిపోయింది. బుద్ధికి మాత్రం అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

"ఏడవకండి, అమ్మమ్మ పాతుతుంటే నేను చూశాగా" అని నూకాలు ఆకలితో ఉన్న తన పిల్లలకు ధైర్యం చెప్పి తవ్వడానికి దిగింది. మొదటి గోతిలో ఏమీ లేదు. రెండోదీ ఉత్తదే. మూడోదీ అంతే. గూట్లోంచి గవరమ్మ చూస్తూనే ఉంది. అవన్నీ కూతురి కళ్ల ముందు తాను తవ్విన దొంగ గోతులే.

అసలు గింజలున్నది వాగు ఒడ్డున. గవరమ్మ బలమంతా కూడగట్టి తోకతో వాగు వైపు చూపించింది.

"దాహమా అమ్మా?" అంటూ నూకాలు పరుగెత్తి, ఆకు తడిపి తెచ్చి తల్లి నోట్లో పిండింది. పాపం, ఆ గింజల మీదుగానే వెళ్లింది, వాటి మీదుగానే వచ్చింది.

దొరికిన ఒక్క ఎండు పండూ తల్లికే తినిపించింది. నన్నెవరు చూస్తారని కదా గవరమ్మ భయపడింది? ఇదిగో, కూతురు చూస్తోంది. ఆకలికి నూకాలు పిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారు. ఏడుద్దామన్నా గవరమ్మకు గొంతు లేదు.

తొలకరి పడింది. వాగు ఒడ్డంతా సార మొలకలు లేచాయి. నూకాలు ఆ మొలకల వైపు చూసింది. తల్లి తోక వైపు చూసింది.

"నువ్వు చూపించింది ఇదా అమ్మా?" అంది.

అవునన్నట్టు గవరమ్మ కళ్లు మూసుకుంది.

నీతి: మన తర్వాత మనవాళ్లకు చెందవలసింది ఎక్కడుందో నోరుండగానే చెప్పాలి, చెప్పకుండా దాచింది లేనిదానితో సమానం.