పడమటి మొక్క ఇంటిపేరు

రాజుగారికి ఆ పొద్దున ఓ సరదా పుట్టింది. పడమటి సముద్రం అవతలి నుంచి వచ్చిన వర్తకుడొకడు ఒక అడవి మొక్కని కుండీలో పెట్టి కానుకిచ్చి, పేరు చెప్పకుండానే ఓడెక్కేశాడు. మధ్యాహ్నం భోజనంలోపు ఇదేం మొక్కో చెప్పినవాడికే తన తోట పెత్తనం అన్నారు రాజుగారు.

అప్పటికి ఆ పెత్తనం గవరయ్యది. మొక్కల గురించి ఆయనకి తెలిసింది బహు తక్కువ. ఉద్యోగం నోటి చలవేగానీ మట్టి చలవ కాదని అందరికంటే ముందు తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు.

కుండీ చుట్టూ తిరిగాడు. బాణం మొనలాంటి ఆకులు. పడగెత్తినట్టు లేతాకుపచ్చ డొప్ప, అందులో నిటారుగా ఊదారంగు కాడ.

ఈలోపు ఆస్థాన వైద్యుడు అప్పలాచారి గొంతు సవరించుకున్నాడు. పడగ ఉంది కనక ఇది పాము విషానికి విరుగుడట. హిమాలయాల్లో స్వయంగా వెయ్యిసార్లు నూరాడట. దీని రసం తాగితే రాజుగారికి నూరేళ్లు ఖాయమట. రాజుగారు వెంటనే కల్వం, వెండి గిన్నె తెప్పించారు.

గవరయ్య వేలితో మట్టి కదిపాడు. కింద గడ్డ తగిలింది. ఇలాంటి గడ్డ ఆయన చేతులకి బాగా పరిచయం.

"ఆచారిగారూ, నూరే ముందు మీకేమైనా కావాలా?"

"నాకెందుకయ్యా? ఈ చేతులు చాలు."

గవరయ్య మాత్రం దీపపు కుందిలోంచి నూనె తీసి మోచేతులదాకా రాసుకున్నాడు. కుస్తీకి దిగుతున్నావా అని సభలో ఎవరో వెక్కిరించారు. అయినా గడ్డ తవ్వి, ముక్కలు చేసి అందించాడు.

ఆచారి నాలుగు తిప్పులు నూరాడో లేదో, మణికట్టు గోకాడు. తర్వాత మోచెయ్యి. ఆ తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గెంతడం మొదలెట్టాడు.

"ఏమైంది ఆచారీ?" అన్నారు రాజుగారు.

"భక్తితో ఒళ్లు పులకరిస్తోంది ప్రభూ."

గవరయ్య గిన్నె పక్కకి జరిపాడు.

"ఆ పులకరింత తమ గొంతులోకి దిగకూడదు ప్రభూ. దీని పేరు నాకు తెలీదు. ఇంటిపేరు మాత్రం ఆచారిగారి చేతులు చెబుతున్నాయి. ఇది మన కంద, చేమల పడమటి చుట్టం."

రాజుగారు పగలబడి నవ్వారు. ఆచారి చేతుల దురదకి చింతపండు పులుసు తెప్పించి, తోట నీదేనంటూ తన బంగారు కడియం తీసి గవరయ్యకి ఇవ్వబోయారు.

"అది మా ఆవిడకి ఇప్పించండి ప్రభూ. నాకొచ్చిన చెట్ల చదువంతా ఆవిడ నన్ను కత్తిపీట ముందు కూర్చోబెట్టి నేర్పిందే."